ఫ్యాక్టరీ కూడా ఇల్లేనా?

(జస్టిస్ కోకా సుబ్బారావు స్మృతిలో చేసిన ఉపన్యాసానికి అచ్చు ప్రతి)



కుత్బుల్లాపూర్ అనగానే ఇవాళ హైదరాబాదు మనిషికి గుర్తొచ్చేవి అపార్టుమెంట్లు, ట్రాఫిక్కు, జీడిమెట్ల షెడ్లు. 1960ల్లో అదొక గ్రామ పంచాయతీ. ఆ పంచాయతీ హద్దుల్లోకి హిందుస్థాన్ మెషిన్ టూల్స్, అంటే అందరి నోటా హెచ్‌ఎంటీ, వచ్చి కూచుంది. యంత్రాలను తయారుచేసే యంత్రాల ఫ్యాక్టరీ అది. కేంద్ర ప్రభుత్వ కంపెనీ. పెద్ద పెద్ద షెడ్లు లేచాయి. పంచాయతీ వాళ్లు చూశారు. ఊళ్లో పెంకుటిల్లు ఉన్నవాడు ఇంటి పన్ను కడుతుంటే ఇంత కట్టడానికి పన్ను లేకపోవడమేమిటని నోటీసు పంపారు. ఇంటి పన్నుతోపాటు, కట్టడానికి అనుమతి ఇచ్చినందుకు రుసుము కూడా అడిగారు.

కంపెనీ హైకోర్టుకు వెళ్లింది. వాదన చాలా చిన్నది: చట్టం పన్ను వేయమన్నది ‘ఇంటి’ మీద, ఇది ఇల్లు కాదు, ఫ్యాక్టరీ. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టం తిరగేస్తే ఇల్లు అన్న మాటకిచ్చిన నిర్వచనంలో ఫ్యాక్టరీ అన్న మాట లేదు. హైకోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది. అప్పీలు నడుస్తుండగానే, 1974లో, శాసనసభ ఆ నిర్వచనాన్ని సవరించింది. ఇల్లు అంటే ఫ్యాక్టరీ కూడా అని రాసింది. రాసి ఊరుకోలేదు, ఆ అర్థం మొదటినుంచీ ఉన్నట్టే లెక్క అని వెనకటి తేదీ వేసింది.

1975లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రాసినవారు జస్టిస్ వై.వి. చంద్రచూడ్. ఇంటి పన్ను నిలిచింది. శాసనసభకు ఒక మాట అర్థాన్ని వెనక్కి జరిపి మార్చే అధికారం ఉంది, మార్చిన తర్వాత హెచ్‌ఎంటీ షెడ్డు ఇల్లే. అనుమతి రుసుము మాత్రం నిలవలేదు. రుసుము తీసుకుంటే బదులుగా ఏదో ఒక పని చేసిపెట్టాలి. ఆ డబ్బుకు దీటుగా పంచాయతీ చేసిన సేవ ఏదీ కోర్టు ముందు కనిపించలేదు.

ఈ ఒక్క కేసులోనే స్థానిక పన్నుల వివాదాల స్వభావమంతా ఉంది. వ్యాపారి కోర్టుకెళ్లి ‘ఇది ఎక్కువ’ అని గెలవడం అరుదు. ‘ఇది మీరనే వస్తువు కాదు’ అని గెలుస్తాడు. పోట్లాట డబ్బు గురించే, కానీ పోట్లాట జరిగేది మాట మీద. ఇల్లు అంటే ఏమిటి, రుసుము అంటే ఏమిటి, వృత్తి అంటే ఏమిటి, కట్టడం అంటే ఏమిటి. తీర్పు వచ్చాక అసలు ఆట మొదలవుతుంది. ఓడినవాడు శాసనసభకో పార్లమెంటుకో వెళ్లి ఆ మాటకే కొత్త అర్థం రాయించుకుంటాడు. కోర్టులో గెలుపు చాలాసార్లు తీర్పు కాగితం ఆరేలోపే కరిగిపోతుంది. ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నది అదే.

ఎవరి పేరున ఈ సభ జరుగుతున్నదో ఆయనకు ఈ విషయంతో సంబంధం ఉంది. కోకా సుబ్బారావు 1902లో రాజమహేంద్రవరంలో పుట్టారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు దాని మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన పేరు చెప్పగానే న్యాయవాదులు గోలక్‌నాథ్ కేసు అంటారు, రాజకీయాలు చదివినవారు 1967 రాష్ట్రపతి ఎన్నిక అంటారు. మున్సిపల్ లైసెన్సు ఫీజు గురించి ఎవరూ అనరు. అనవలసింది ఉంది.

కలకత్తాలో లిబర్టీ అని ఒక సినిమా హాలు. అందులో 551 సీట్లు. ఏడాదికి 400 రూపాయలు లైసెన్సు ఫీజు కడుతూ వస్తోంది. 1958లో కార్పొరేషన్ లెక్క కట్టే పద్ధతి మార్చింది. సీట్లు ఎన్ని, ఆటలు ఎన్ని అని చూసి ఫీజు వేసింది. లిబర్టీకి పడింది 6,000. అంటే పదిహేను రెట్లు. హాలు యజమానులు హైకోర్టులో గెలిచారు, కార్పొరేషన్ సుప్రీంకోర్టుకు వచ్చింది. 1964 డిసెంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మూడు, రెండుగా చీలింది.

ముగ్గురన్నది ఏమిటంటే, పేరుకు ఫీజు అన్నా ఇది నిజానికి పన్నే. పన్నుకు బదులు సేవ చూపించనక్కర్లేదు కాబట్టి కార్పొరేషన్ గెలిచింది. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఫీజు అని రాసి ఉన్న కాగితాన్ని కోర్టు పన్ను అని చదివి మరీ నిలబెట్టింది! మిగతా ఇద్దరు, జస్టిస్ రాజగోపాల అయ్యంగార్, జస్టిస్ సుబ్బారావు, ఒప్పుకోలేదు. అయ్యంగార్ రాసిన ఆ భిన్నాభిప్రాయంలో రెండు అంచులున్నాయి. ఇది ఫీజే అయితే బదులు సేవ ఏది? పన్నే అయితే, ఎంత వేయాలో చట్టంలో ఒక్క అంకె, ఒక్క హద్దు లేకుండా అంతా కార్పొరేషన్ ఇష్టానికి వదిలేయడం ఎలా చెల్లుతుంది? రెండో ప్రశ్నకు నాలుగేళ్ల తర్వాత ఢిల్లీ కార్పొరేషన్‌తో బిర్లా కాటన్ మిల్లు నడిపిన కేసులో ఏడుగురు న్యాయమూర్తులు కూచుని జవాబిచ్చారు. కార్పొరేషన్ ప్రజలు ఎన్నుకున్న సంస్థ, ఓటరు భయమే దానికి కళ్లెం, కనుక రేటు నిర్ణయం దానికి వదిలినా తప్పులేదని మెజారిటీ తేల్చింది. అప్పటికి సుబ్బారావు పదవిలో లేరు.

ఆ జవాబు పూర్తిగా ఒప్పుకోదగ్గది కాదని ఈ ఉపన్యాసకుడి అభిప్రాయం. కంపెనీకి ఓటు లేదు. ఇంటి పన్ను పెంచితే కౌన్సిలరు వార్డులో తలెత్తుకు తిరగలేడు. సినిమా హాలు మీదో, మిల్లు మీదో పెంచితే ఆయనకు నష్టమేమీ లేదు. ఓటరు కళ్లెం వ్యాపారి విషయంలో వదులుగానే ఉంటుంది. సుబ్బారావు చేరిన ఆ మైనారిటీ మాటలో ఈ జాగ్రత్త ఉంది.

ఇక స్థానిక సంస్థకు పన్ను వేసే అధికారం ఎక్కడిదన్నది చూడాలి. సొంతంగా దానికి ఏమీ లేదు. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ వేయరాదు, వసూలు చేయరాదు అంటుంది రాజ్యాంగం 265వ అధికరణం. 1992లో చేసిన 73, 74వ సవరణలు పంచాయతీలకు, పురపాలక సంస్థలకు రాజ్యాంగంలో చోటిచ్చాయి. కానీ 243-హెచ్, 243-ఎక్స్ అధికరణాలు చదివితే, రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఇస్తేనే, ఇచ్చినంతే అని ఉంది. అందుకే పంచాయతీ వేసిన ప్రతి పన్నుకూ రెండు పరీక్షలు. రాష్ట్రం ఇచ్చిన మాటలో ఇది పడుతుందా? కేంద్ర, రాష్ట్రాల అధికారాలను పంచే ఏడో షెడ్యూలులో రాష్ట్రానికి ఆ మాట ఇచ్చే అధికారం ఉందా? రెంటిలో ఏది తప్పినా వసూలు చేసిన సొమ్ము తిరిగివ్వాలి.

తిరిగివ్వడమన్న కథ అహ్మదాబాదులో బాగా నడిచింది. అహ్మదాబాదు అంటే ఆ రోజుల్లో బట్టల మిల్లులు. కార్పొరేషన్ ఆదాయంలో మిల్లుల వాటా తక్కువేం కాదు. మిల్లును అద్దెకిస్తే ఎంత వస్తుంది అన్నది ఊహించడం కష్టం కాబట్టి, కార్పొరేషన్ నేల వైశాల్యం కొలిచి వంద చదరపు అడుగులకు ఇంత అని ఒకే రేటు పెట్టింది. లోపల ఉన్న యంత్రాలను కూడా లెక్కలోకి తెచ్చింది. 1967లో న్యూ మాణెక్‌చౌక్ మిల్లు కేసులో సుప్రీంకోర్టు రెండూ కొట్టేసింది. పాత మిల్లుకూ కొత్త మిల్లుకూ, గోదాముకూ నేత శాలకూ ఒకే కొలబద్దా? అది సమానత్వం కాదు. ఇక యంత్రం నేలా కాదు, కట్టడమూ కాదు. నేల మీద, కట్టడాల మీద పన్ను వేసే అధికారం కింద యంత్రాన్ని తేలేరు.

ఒకే రేటు మీద ఈ అనుమానం కొత్తది కాదు. కేరళలో అడవి భూములకు ఎకరాకు రెండు రూపాయల చొప్పున పన్ను వేస్తే, వచ్చే ఆదాయం కన్నా కట్టే పన్ను ఎన్నో రెట్లు ఉందని 1960లోనే సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆ మెజారిటీలో సుబ్బారావు ఉన్నారు. ఆరేళ్ల తర్వాత ఆంధ్రప్రదేశ్ అదనపు భూమి శిస్తు చట్టం ఆయన ముందుకే వచ్చింది. భూమి సారంతో నిమిత్తం లేకుండా ఎకరాకు కనీసం ఇంత అన్న ఆ పద్ధతినీ, రైతుకు ఆక్షేపణ చెప్పుకునే దారి లేకపోవడాన్నీ ఎత్తిచూపి, సొంత రాష్ట్రం చేసిన చట్టమే అయినా చెల్లదన్నారు. అది రైతుల కేసు, వ్యాపారులది కాదు. అయినా మిల్లుల లాయర్లకు అది ఆయుధమే.

అహ్మదాబాదుకు తిరిగి వద్దాం. గుజరాతులో అంతకుముందే మరో కేసులో ‘రేటు’ అన్న ఒక్క మాట మీద పెద్ద యుద్ధం జరిగింది. మున్సిపల్ చట్టంలో రేటు అని రాస్తే దానర్థం ఏడాది అద్దె విలువ మీద వేసేది అనే, ఆస్తి మొత్తం విలువ మీద శాతం కట్టడం కుదరదని 1963లో సుప్రీంకోర్టు అన్నది. ఆ ఏడాదే గుజరాత్ ప్రభుత్వం, వేసినవన్నీ చెల్లినట్టే అని ఒక చెల్లుబాటు చట్టం తెచ్చింది. భరూచ్‌లో పృథ్వీ కాటన్ మిల్లు దాన్ని సవాలు చేసింది. 1969లో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా అందులో ఇచ్చిన తీర్పును ఇప్పటికీ పన్నుల కేసు వాదించే ప్రతి లాయరూ ఉదహరిస్తాడు. సారాంశం ఇది. కోర్టు తప్పన్నదాన్ని శాసనసభ ఊరికే ‘ఒప్పు’ అని ప్రకటిస్తే చాలదు. కోర్టు పట్టుకున్న లోపాన్ని తీసేయాలి. మారిన చట్టం అప్పుడే ఉండి ఉంటే కోర్టు ఆ తీర్పు ఇచ్చేదే కాదు అనిపించాలి. భరూచ్ విషయంలో గుజరాత్ ఆ పని చేసింది కనుక మిల్లు ఓడింది.

అహ్మదాబాదు కార్పొరేషన్‌కు అంత ఓపిక లేకపోయింది. మిల్లులకు సొమ్ము తిరిగివ్వమని కోర్టులు చెప్పాక, కోర్టు ఉత్తర్వు ఉన్నా సరే ఆ సొమ్ము వాపసు ఇవ్వక్కర్లేదు అని రాష్ట్రం చేత రాయించుకుంది. 1970లో న్యూ ష్రాక్ మిల్లు కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలవనివ్వలేదు. లోపం సరిదిద్దడం వేరు, కోర్టు మాట వినవద్దని చట్టంలో రాయడం వేరు. హెచ్‌ఎంటీ కేసులో మన శాసనసభ గెలిచిందీ ఇందుకే. హైకోర్టు తీర్పును లెక్కచేయవద్దని అనలేదు. ఇల్లు అన్న మాటను మార్చింది, అంతే.

ఇంకో చిక్కు. హెచ్‌ఎంటీ ప్రభుత్వ కంపెనీ కదా, కేంద్రం ఆస్తి మీద రాష్ట్రంగానీ దాని కింది సంస్థలుగానీ పన్ను వేయరాదని 285వ అధికరణం అంటుంది కదా? 1980ల మొదట్లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్‌కూ కోర్బా ప్రాంత అభివృద్ధి సంస్థకూ నడిచిన కేసులో దీనికి జవాబు వచ్చింది. వాటాలన్నీ కేంద్రానివే అయినా, కంపెనీ వేరే వ్యక్తి. దాని బొగ్గు గనుల కట్టడాలు కేంద్రం ఆస్తి కావు. పన్ను కట్టాల్సిందే. పబ్లిక్ సెక్టార్ టౌన్‌షిప్పులున్న ఊళ్లలో స్థానిక సంస్థలు ఈ తీర్పు కాపీని బీరువాలో భద్రంగా పెట్టుకోవాలి.

మాట మీద నడిచిన యుద్ధాల్లో అన్నిటికన్నా ముచ్చటైనది ధామణ్‌గావ్‌ది. అమరావతి జిల్లాలో పత్తి ఊరు. మన రాజధాని అమరావతి కాదు, విదర్భది. అక్కడి మున్సిపల్ కమిటీ, పత్తి గింజ తీసి బేళ్లు కట్టే ఫ్యాక్టరీల మీద 392 పౌన్ల బేలుకు నాలుగణాల చొప్పున పన్ను వేసింది. నాలుగణాలు అంటే ఎంత? పావలా. బేళ్లు వేలల్లో ఉంటే మాత్రం పావలాలు కుప్పపడతాయి. భారత్ కళాభండార్ అనే కంపెనీ కట్టింది, కట్టాక ఆలోచించుకుని దావా వేసింది. ఇది పత్తి మీద పన్ను కాదు, గింజ తీసే వ్యాపారం చేసుకుంటున్నందుకు వేసిన పన్ను, అంటే వృత్తి పన్ను అన్నది కంపెనీ వాదన.

అలా వాదిస్తే లాభమేమిటంటే, వృత్తి పన్నుకు రాజ్యాంగంలోనే గీత ఉంది. బ్రిటిష్ కాలంలోనే 1935 చట్టంలో చేర్చిన ఒక సెక్షను, ఒక మనిషి మీద ఏడాదికి 50 రూపాయలకు మించి వృత్తి పన్ను వేయవద్దని అన్నది. ఆదాయం మీద పన్ను కేంద్రానిది, దాన్ని వృత్తి పన్ను పేరుతో రాష్ట్రాలూ ఊళ్లూ తినేయకుండా వేసిన కంచె అది. రాజ్యాంగం వచ్చాక 276వ అధికరణం ఆ గీతను 250కి జరిపింది. 1965లో సుప్రీంకోర్టు కంపెనీ మాట ఒప్పుకుంది. 250 దాటి తీసుకున్నదంతా అక్రమం, సివిల్ దావా వేసి రాబట్టుకోవచ్చని చెప్పింది. ఫ్యాక్టరీ వాడు తనది ‘వృత్తి’ అని ఒప్పించుకుని గెలిచాడు. కుత్బుల్లాపూర్‌లో ఫ్యాక్టరీ వాడు తనది ‘ఇల్లు’ కాదని వాదించి ఓడిపోయాడు.

1988లో చేసిన 60వ రాజ్యాంగ సవరణ ఆ 250ని 2,500 చేసింది. అప్పటినుంచి మళ్లీ కదల్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో నెలకు 20,000 దాటిన ప్రతి జీతం చీటీలోనూ వృత్తి పన్ను కింద 200 రూపాయలు కోత కనిపిస్తుంది. ఏడాదికి 2,400. గీతకు వంద రూపాయల దూరంలో బండి ఆపారన్నమాట. ఇరవై వేలు దాటిన జీతగాడికీ, అయిదు లక్షల జీతగాడికీ అదే కోత. ఇక్కడ ఇంకో సంగతి. 1987 దాకా మన పురపాలికలు, పంచాయతీలు ఈ పన్నును తమ చట్టాల కింద తామే వసూలు చేసుకునేవి. ఆ ఏడాది రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసి పన్నును తన చేతికి తీసుకుంది. పక్కన తమిళనాడులో ఇప్పటికీ ఆరు నెలలకోసారి స్థానిక సంస్థలే వసూలు చేస్తాయి. మన ఊరి పేరున పుట్టిన పన్ను మన ఊరి పెట్టెలో పడకపోవడం మీద ఇక్కడెవరూ పెద్దగా కేసు వేయలేదు. కోర్టులో ఎవరు అడుగుతారు? కట్టేవాడికి ఎవరికి కడుతున్నాడో పట్టదు.

ఆక్ట్రాయి సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అది చచ్చిపోయింది. ఊరి నాకా దగ్గర లారీ ఆపి, లోపలికి వచ్చే సరుకు మీద తీసుకునే సుంకం. ‘వినియోగం, వాడకం లేదా అమ్మకం కోసం’ వచ్చే సరుకు మీదే అన్నది చట్టంలోని మాట. బెల్గాం మున్సిపాలిటీకీ బర్మా షెల్ కంపెనీకీ 1960ల మొదట్లో నడిచిన కేసులో, ఊళ్లో డిపోకు వచ్చి మళ్లీ బయటి ఊళ్లకు కంపెనీయే పంపేసే పెట్రోలు మీద ఆక్ట్రాయి లేదని, ఊళ్లో అమ్మినదాన్ని మాత్రం కొన్నవాడు ఎక్కడికి పట్టుకెళ్లినా పన్ను పడుతుందని సుప్రీంకోర్టు విడదీసింది. ఆక్ట్రాయి పోయి రాష్ట్రాల ప్రవేశ పన్ను వచ్చాక, దానిమీద కంపెనీలు దశాబ్దాలపాటు కోర్టుల్లో ఉన్నాయి. 1962లో వచ్చిన ఒక పెద్ద తీర్పు, రోడ్లూ వంతెనలూ వాడుకున్నందుకు ప్రతిఫలంగా తీసుకునే పన్ను వ్యాపార స్వేచ్ఛకు అడ్డు కాదని ఒక సిద్ధాంతం పెట్టింది. అందులో సుబ్బారావు విడిగా రాసి మెజారిటీతో ఏకీభవించారు. 2016 నవంబరు 11న జిందాల్ స్టెయిన్‌లెస్ కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏడుగురి మెజారిటీతో ఆ సిద్ధాంతాన్నే పక్కన పెట్టింది. బయటి సరుకు మీద వివక్ష చూపితేనే తప్పు, పన్ను వేయడమే అడ్డంకి కాదన్నది. స్మరించుకునే రోజున స్మరించుకునే వ్యక్తి ఒప్పుకున్న సిద్ధాంతం తిరగబడిందని చెప్పడం కొంచెం ఇబ్బందే. చెప్పకుండా ఉండడం ఇంకా ఇబ్బంది.

ఆ తీర్పు వచ్చేసరికి ఆ పన్నుకే కాలం తీరుతోంది. 2016లోనే 101వ సవరణ జీఎస్టీకి దారి వేస్తూ రాష్ట్రాల జాబితాలోంచి ప్రవేశ పన్నును, ప్రకటనల పన్నును తీసేసింది. వినోద పన్ను మాత్రం పంచాయతీలు, పురపాలికలు వేసుకునేంత మేరకు మిగిల్చింది. ముంబయిలో ఆక్ట్రాయి నాకాలు 2017 జులై 1న ఆగిపోయాయి.

రుసుము దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే రేపటి కేసులు అక్కడినుంచే వస్తాయి. పన్నుల జాబితా కుంచించుకుపోయిన కొద్దీ స్థానిక సంస్థలు ఫీజుల వైపు చూస్తాయి. హైకోర్టులు, సుప్రీంకోర్టు మొదట్లో ఫీజుకు ‘ఇచ్చిన దానికి పుచ్చుకున్నది’ అన్న కొలత కచ్చితంగా పెట్టాయి. పంజాబు, హర్యానాల మార్కెట్ ఫీజును రెండు శాతం నుంచి మూడు చేస్తే, ఆ పెంపుకు తగ్గ సేవ ఏదని సుప్రీంకోర్టు 1979లో నిలదీసింది. నాలుగేళ్లలో గాలి మారింది. మారింది మన రాష్ట్రపు కేసులోనే. వ్యవసాయ మార్కెట్ కమిటీలు వసూలు చేసే ఫీజును వంద రూపాయల సరుకుకు 50 పైసల నుంచి రూపాయికి పెంచితే, శ్రీనివాస జనరల్ ట్రేడర్స్, మరికొందరు వర్తకులు కోర్టుకెళ్లారు. 1983లో వాళ్లు ఓడారు. కట్టిన ప్రతి పైసాకూ లెక్క చూపనక్కర్లేదు, మొత్తంమీద మార్కెట్ల బాగుకు ఆ డబ్బు పోతుందన్న స్థూల సంబంధం ఉంటే చాలునని కోర్టు అంది. ధాన్యం, మిర్చి, పత్తి యార్డుల్లో తాము కట్టిన ఫీజు ఎటు పోయిందో షెడ్డు కప్పు చూస్తే తెలుస్తుందని వర్తకులు అనేది వేరే సంగతి.

హైదరాబాదులో ట్రేడ్ లైసెన్సు ఫీజును షాపు వైశాల్యంతోపాటు ముందున్న రోడ్డు వెడల్పును బట్టి లెక్క కడతారు. పరిశుభ్రత కోసం, అగ్నిప్రమాదాల తనిఖీ కోసం ఇచ్చే లైసెన్సుకు రోడ్డు వెడల్పుతో ఏం పని? వెడల్పు రోడ్డు మీద బేరం ఎక్కువ అని తప్ప వేరే జవాబు తోచదు. బేరం చూసి వేసేది ఫీజా, పన్నా? లిబర్టీ సినిమా ప్రశ్నే ఇది. అరవై ఏళ్ల తర్వాత మన వీధిలోకి వచ్చింది.

ఇక కట్టడం అన్న మాట. పెద్ద పెద్ద చమురు ట్యాంకులు నేలలో పాతి ఉండవు, తమ బరువుతోనే నిలబడి ఉంటాయి, కనుక అవి కట్టడాలు కావని ఇండియన్ ఆయిల్ బొంబాయి కార్పొరేషన్‌తో వాదించింది. 1990లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అవి కదలవు, కదిలించే ఉద్దేశమూ లేదు, ఆస్తి పన్ను కట్టాలి అంది. పాతికేళ్ల తర్వాత అదే ప్రశ్న సెల్ టవర్ల రూపంలో వచ్చింది. గుజరాత్ 2011లో టవర్ల మీద ఆస్తి పన్ను వేసేలా చట్టం మార్చింది. జీటీఎల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ వంటి కంపెనీలు, టెలికం కేంద్రం సబ్జెక్టు, టవరు బిల్డింగు కాదు అని గుజరాత్ హైకోర్టులో గెలిచాయి. 2016 డిసెంబరు 16న సుప్రీంకోర్టు తారుమారు చేసింది. రాజ్యాంగంలోని మాటను నిఘంటువులోని అర్థానికి కట్టేయకూడదు, టవరు కూడా కట్టడమే, ఇది టెలిగ్రాఫు మీద పన్ను కాదు, ఆస్తి మీద పన్ను. ఎంత వేశారు, ఎప్పటినుంచి వేశారు అన్న గొడవలు మాత్రం విడిగా తేల్చుకోండి అంది. దేశంలోని పురపాలికలన్నీ ఊపిరి పీల్చుకున్నాయి.

ఎంతకాలం? 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 14వ సెక్షను, ఒక ఆస్తి మీద పెట్టిన టెలికం నెట్‌వర్కును ఆ ఆస్తిలో భాగంగా లెక్కించరాదు, ఆస్తి పన్ను, సెస్సు, ఫీజుల కోసం కూడా లెక్కించరాదు అని రాసింది. 2024 జూన్ 26న ఆ సెక్షను అమల్లోకి వచ్చింది. కుత్బుల్లాపూర్‌లో పంచాయతీ ఓడి, అసెంబ్లీకి వెళ్లి మాట మార్పించుకుంది. ఇక్కడ కంపెనీలు ఓడాక పార్లమెంటు మాట మార్చింది. టవర్ల పన్ను నోటీసుల మీద ఇకముందు నడిచే కేసులు ఈ సెక్షను చుట్టూ తిరుగుతాయి. రాష్ట్ర జాబితాలోని కట్టడాల పన్నును కేంద్ర చట్టం ఇలా కత్తిరించవచ్చా అన్నది అందులో మొదటి ప్రశ్న.

ఇంత చట్టం చదవక్కర్లేని దగ్గర కూడా స్థానిక సంస్థలు ఓడిపోతాయి. అదే బాధ. విశాఖపట్నం పురపాలికలో కొన్ని ఊళ్లను కొత్తగా కలిపారు. పట్టణంలో అప్పటికే ఉన్న ఆస్తి పన్నునే ఆ ఊళ్ల మీదా వేశారు. చట్టం ప్రకారం పన్ను వేసే ముందు ప్రతిపాదన ప్రకటించి, అభ్యంతరాలు అడగాలి. పట్టణం వాళ్లను ఎప్పుడో అడిగారు, కొత్త ఊళ్ల వాళ్లను అడగలేదు. 1975లో సుప్రీంకోర్టు పన్ను చెల్లదంది. పన్ను వేసే అధికారం ఉంది, రేటులో తప్పులేదు, ఒక నోటీసు కాగితం లేక మొత్తం పోయింది. కుత్బుల్లాపూర్ కూడా తర్వాత మున్సిపాలిటీ అయి, 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. ఊళ్లను కలిపే ప్రతిసారీ విశాఖ తీర్పు చదువుకోవలసిందే.

ఆంధ్రప్రదేశ్ 2020లో మున్సిపల్ చట్టాలు సవరించి, ఆస్తి పన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు మార్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలు. పెంపు ఏడాదికి 15 శాతం దాటకుండా గీత పెట్టింది. నివాసాలకన్నా వ్యాపార కట్టడాలకు శాతం ఎక్కువ. దీని మీదా హైకోర్టులో పిటిషన్లు పడ్డాయి. గుజరాత్ ‘రేటు’ అన్న మాట దగ్గర పడ్డ పాట్లు గుర్తున్నవాళ్లు, ఈసారి చట్టంలోనే మూలధన విలువ అని రాశారు. అది మంచి పనే.

ఈ సభలో కమిషనర్లు, పంచాయతీ కార్యదర్శులు ఉన్నారు, వాళ్లకు ఒక విన్నపం. వ్యాపారికి పంపే డిమాండ్ నోటీసులో ఎంత కట్టాలో మాత్రమే ఉంటోంది. ఏ చట్టం, ఏ సెక్షను, ఏ తీర్మానం, ఏ తేదీ, లెక్క ఎలా కట్టారు, అభ్యంతరం ఎవరికి, ఎన్ని రోజుల్లో చెప్పుకోవాలి, ఇవన్నీ అదే కాగితం వెనక తెలుగులో అచ్చు వేయించండి. రిట్ పడ్డాక కౌంటరు దాఖలు చేయడానికి ప్రభుత్వ ప్లీడరు ఫోను కోసం ఎదురుచూడకండి. యువ న్యాయవాదులకు కూడా ఒక మాట. లిబర్టీ సినిమా కేసులో మెజారిటీ తీర్పు చదివి ఆపేయకండి, అయ్యంగార్, సుబ్బారావుల పేజీలు కూడా తిప్పండి.